రానున్నది

కాజీపేట జంక్షన్ల విచారణ కిటికీ వెనుక
నా కుర్చీకి ఒక కాలు పొట్టి.
అట్టముక్క మడిచి పెట్టి కూసుంట.
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక
అద్దానికున్న గుండ్రటి తొర్రల నుంచి
ఒక్కటే ప్రశ్న:
ఎప్పుడొస్తది?

మా బాపమ్మ ఓదెమ్మను గూడ ఇదే అడిగేటోళ్లు.
వాన ఎప్పుడొస్తది, అలిగిపోయిన కోడలు ఎప్పుడొస్తది,
అంగట్ల తప్పిపోయిన కోడె ఎప్పుడొస్తది.
నెత్తిన ఈతబరిగెల గంప, చేతిల సోది కర్ర,
హసన్‌పర్తి వాడల పొంటి
"ఎరుక జెప్తనమ్మో ఎరుక" అని ఆమె పోతుంటే
కుక్కలు ముందు, పిల్లలు వెనుక.
చాటల బియ్యం పోసినంక గొంతు మారేది.
ఆ గొంతు మా ఇంట్ల ఎన్నడూ వినరాలే.

బడికి పోయినంక తెలిసింది
సోది అంటే వేరే ఉన్నదని.
లెక్కల సారు బెత్తంతోని బల్ల గొట్టి
"సోది ఆపుర్రి" అన్నడు.
తరగతంత నవ్వింది. నేను గూడ నవ్విన,
నా కంటె గట్టిగ ఎవరూ నవ్వలే.
ఇంటికొచ్చి చెప్తే బాపమ్మ
తట్ట అల్లుడు ఆపకుంటనే అన్నది:
"మంచిదే గద బిడ్డా,
పైస ఇయ్యకుంట మన మాట వాడుకుంటున్నరు."

అప్పటి సంది నా చెవులకు అదే పని.
చాయ కొట్టు కొమురెల్లి అంటడు
"రేపు ధర పడ్తది, రాసిపెట్టుకో" అని,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా ముట్టకుంటనే.
గ్యాంగ్‌మన్ సారయ్యకు కన్ను అదిరితే
కుడా ఎడమా అని కొంచెం సేపు,
మొగోళ్లకా ఆడోళ్లకా అని కొంచెం సేపు,
లెక్క తేలే లోపల గూడ్సు దాటిపోతది.
మాట నడుమ ఎవరన్న తుమ్మితే, సత్యం.
చెడ్డ మాట జారితే, తథాస్తు దేవతలుంటరు గట్లనకు.
డబ్బల బియ్యం అయిపోతే, నిండుకున్నయి.
ఇగ ఎరుక సంగతంటరా,
"నీకెరుకేనా?" "నాకేమెరుక!"
పొద్దుగూకులు ఊరంత ఆ మాట నములుతది,
అండ్ల మా కులం పేరున్నదని
ఎవలకూ యాదికుండది.

నాకేమో రైల్వే ఇచ్చిన మాట ఉన్నది.
మరికొద్ది సేపట్లో రానున్నది.
రానున్నది!
ఎంత మర్యాద గల జోస్యం.
తప్పినా నా కర్ర గుంజుకోరు,
అసౌకర్యానికి చింతిస్తున్నామంటె సరిపోతది.
బాపమ్మకు ఆ వెసులుబాటు లేకుండె.
వాన మొఖం చాటేసిన ఏడు
పక్క ఊర్ల ఆమె గంప తొక్కి ఇరగ్గొట్టిండ్రు.

మొన్న రాత్రి ధర్మసాగరం నుంచి ఒకామె.
చంకల బట్టసంచి, అండ్ల నుంచి
ఆస్పత్రి కవరు మొన బయటికి.
"పట్నం బండి ఎప్పుడొస్తది?" చెప్పిన.
కదలలే.
"రిపోర్టు మంచిగనే వస్తదా బిడ్డా?"
చిల్లర కోసమన్నట్టు
కిటికీ కింది సందుల నుంచి అరచెయ్యి లోపలికొచ్చింది.

బాపమ్మ చెయ్యి పట్టుకునేది గాని
చూసేది కాళ్లను.
మడిమల పగుళ్లల్ల నల్లమట్టా చెల్కమట్టా,
చెప్పు ఏ పక్క అరిగింది,
మట్టెలు వేళ్లకున్నయా, షావుకారి దగ్గరున్నయా.
నాకు కౌంటరు అడ్డం. కాళ్లు కనవడవు.
ఉత్త చెయ్యే.
పట్టుకున్న.
"వస్తది" అన్న.
నా గొంతు నాకే వేరే తీరుగ వినవడ్డది.
మైకు బందు చెయ్యలేదని అప్పుడు చూసిన:
ప్లాట్‌ఫారం మీద పండుకున్నోళ్లు ఇద్దరు
దిగ్గున లేచి సామాన్లు సదురుకుంటున్నరు.

ఆమె సంచి భుజానికి ఏసుకొని
"వస్త బిడ్డా" అన్నది.
మా దిక్కు పోయేటోళ్లెవరూ
పోతున్నమనరు.

రిజిస్టర్ల రాసిన:
రెండో నంబరు, పట్నం బండి,
నలభై నిమిషాలు లేటు.