నెలకు మూడు జాకెట్లు

పలకంత యాంటెన్నా ఒకటి
నా కత్తిరింపుల బల్ల మీద పెట్టి
కర్నూలు నుంచి వచ్చిన పిల్లోడు
"మౌలాలన్నా, ఇది నేరుగా ఆకాశం నుంచి" అన్యాడు.
గరగర ఉండదంట. వార్తలకని మధ్యలో ఆపరంట.
ఆదోనిలో ఇంతవరకూ ఎవురూ తీసుకోలేదంట,
మొదటి మనిషివి నువ్వే కావాలంట.

నెలకెంత నాయనా అంటే ఒక అంకె చెప్పినాడు.
దాన్ని నేను జాకెట్లలోకి మార్చుకున్యా.
లైనింగు లేనివైతే మూడు.
లైనింగుదైతే ఒకటి, ఇంకోదానికి చేతులు.
ఆటల్లేని నెలల్లో గూడా కట్టాల్నా అంటే
అప్పుడు పాటలు వినొచ్చన్నా అన్యాడు.
పాటలకు నా మిషను లేదా.

టీవీ నాకు పనికిరాదప్పా.
కండ్లు సూది కాడ ఉండాల.
ఒక ఫైనల్ నాడు హోటలోళ్ళ టీవీ వైపు తల తిప్పినందుకు
చూపుడు వేలి గోరులోంచి దిగిన సూది
మచ్చ పెట్టి పోయింది.
ఆ బంతికి ఏమైందో మటుకు ఇప్పటికీ తెలీదు.

అందుకే ముప్పై ఏండ్లుగా నేను ఆట చూడలే, విన్యా.
పేపర్లో ఫొటో చూసి
ఈ బక్కోడా ఆ బౌలరు, అనుకుంటా.
నా చెవిలో ఆయన మిల్లు పొగగొట్టమంత ఎత్తు.

పాత రేడియోకు వీపు డొప్ప ఊడిపోయి
లంగా ఎలాస్టిక్కుతో కట్టినా.
పక్కన జిన్నింగు మిల్లు మోటారు వేస్తే చాలు,
"గాల్లోకి లేచింది, కింద ఫీల్డరు..."
గర్ర్ర్.
కటింగ్ షాపు ఉరుకుందు ఫోర్ అంటాడు.
పత్తి మూట దించొచ్చిన బజారప్ప
చొక్కాకంటిన దూది దులుపుకుంటా క్యాచ్ అంటాడు.
మోటారు ఆగేదాకా
ఆ బ్యాట్స్‌మన్ ఔటూ కాదు, నాటౌటూ కాదు,
మా వీధిలో గాల్లో ఉంటాడు.

"వాళ్ళు ఓడిపోతే దుడ్లు వెనక్కిస్తారేమో అడుగు"
అనింది షేకమ్మ, కాజాలు కుడతా.
పిల్లోడు నవ్వినాడు గానీ జవాబు చెప్పలే.
పదిరోజులు ఊరికే విను, అని పెట్టిపోయినాడు.

రేకుల మీదికి ఎక్కించి ఆన్ చేస్తే
కొత్త మల్లు గుడ్డ చించినంత శుభ్రంగా గొంతు.
ఎనకాల జనం. ఎవరిదో ఈల.
తర్వాత బంతి బ్యాటుకు తగిలింది.
టక్.
తొక్కుడు ఆపేసినా.
ముప్పై ఏండ్లలో బ్యాటు చప్పుడు వినడం అదే మొదలు.
ఇంతవరకూ మాటలే విన్యానన్నమాట.

ఐదో రోజు, ఆఖరి బంతి. గెలవాలంటే నాలుగు.
నా దాంట్లో బౌలరు ఇంకా పరిగెత్తుకొస్తానే ఉండాడు,
రోడ్డుకవతల ఉరుకుందు రేడియో కాడ
"అయ్యో" అని పది గొంతులు.
కుర్చీలోని మనిషి సబ్బు మొగంతోనే బయటికొచ్చినాడు.
నాకు తెలిసిపోయింది.
నా బౌలరుకు తెలీదు. బ్యాట్స్‌మన్‌కు తెలీదు.
ఆ శుభ్రమైన గొంతుకు గూడా తెలీదు,
ఆశగా చెబుతానే ఉంది.
నాలుగు సెకన్లు,
నా షాపులో మటుకే,
మనోళ్ళు ఓడిపోలేదు.

"అంత పైకి పోయి రావాల గదన్నా"
అన్యాడు పిల్లోడు, పదకొండో రోజు.
నిజమే. దాని తప్పేముంది.
మూడు జాకెట్లు కుట్టి ఆలస్యం కొనుక్కోవాల్నా అని నేను,
లేటైతేనేం, చప్పుడు ఉంది గదా అని మళ్ళీ నేనే.
అంతలో కరెంటు పోయింది.
బల్ల మీద రెండు రేడియోల్లో
బ్యాటరీలది ఒకటే మాట్లాడుతా ఉంది.
పిల్లోడు బ్యాగు కింద పెట్టి
ఎలాస్టిక్కు కట్టిన దాని మీదికి వంగి
"స్కోరెంతన్నా" అన్యాడు.

పెండ్లిండ్ల సీజను రానీలే, చూద్దాం, అని పంపించినా.
వద్దని చెప్పలే.

రాత్రి, మిల్లు మోటార్లు ఆగినాక,
ఆఖరి జాకెట్టుకు ఆఖరి హుక్కు కుట్టి
పంటితో దారం తెంపుతా.
టక్.
యాడనో ఒక బంతి బౌండరీ వైపు పోతా ఉంటాది.
ఎవరు కొట్టిందీ చెప్పేవాడు లేడు.