నె

న మీద చిన్న ఏత్వం. అంతే.
నాలుక పంటి వెనక తాకి వదిలేస్తే చాలు,
తుమ్ముకన్నా తొందరగా అయిపోయే మాట.

ఆ ఏటికి మూడు పేర్లు.
పైనుంచి మరిత్సాగా దిగుతుంది,
ఈ ఒడ్డున ఎవ్రోస్, ఆ ఒడ్డున మెరిచ్.
పేరు మార్చుకున్న నీళ్ళు
రంగు మార్చుకోలేదు, ఎక్కడైనా అదే బురద.
ఒడ్డున ఆడుకునే పిల్లలకీ
మొదట వచ్చే మాటల్లో ఇదొకటి.
గ్రీకు పిల్లకి "నె" అంటే అవును.
బల్గేరియా పిల్లకి కాదు.
టర్కీ పిల్లకి, ఏంటి?

సరిహద్దు గేటు పక్కన ఎవాంథియా కాఫీ కొట్టు.
లారీ దిగి వచ్చిన ఓగ్న్యాన్‌ని
తొలిరోజు అడిగింది, చక్కెర వెయ్యనా అని.
"నె" అన్నాడు.
రెండు చెంచాలు వేసింది.
పదకొండేళ్ళు తాగాడు ఆ పానకం.
వద్దన్నకొద్దీ తియ్యనయ్యేది.
పోనీ తలతో చెబుదామా అంటే
వాళ్ళ ఊళ్ళో అడ్డంగా ఊపితేనే ఔను, ఇంకా చిక్కు.
పక్క బల్ల దగ్గర ఎదిర్నె నుంచి వచ్చిన నుస్రెత్,
ఊరి పేరు చివర కూడా అదే అక్షరం మోస్తున్నవాడు,
వినపడని చెవి ఇటు తిప్పి
"నె?" అనేవాడు. అతనికీ రెండు చెంచాలు.

ఎక్కడిదీ అక్షరం అని తవ్వితే
ఒక్క గొయ్యి కాదు, మూడు.
ఓగ్న్యాన్ కాదనడానికీ
సంస్కృతంలో "న" అనడానికీ ముత్తవ్వ ఒక్కతే,
ఏ గడ్డి మైదానంలోనో మొదటిసారి ముఖం తిప్పుకున్న మనిషి.
గ్రీకుల అవును ఒకప్పుడు "నై",
దేవుళ్ళ మీద ఒట్లు వేసి వేసి, నోళ్ళలో నాని
అంచు అరిగి "నె" అయింది.
నుస్రెత్ వాళ్ళకైతే
నకారంతో మొదలయ్యే సొంత మాట దాదాపు ఇదొక్కటే.
తక్కిన న-లన్నీ ఇరుగుపొరుగు చేబదుళ్ళు.
ప్రశ్న మాత్రం ఇంట్లో పుట్టింది.

ఇదంతా ఫిబ్రవరి దాకా నవ్వులాటే.

కట్ట తెగిన రాత్రి
ఎవాంథియా తమ్ముడు స్తెర్యోస్
వెల్లుల్లి చేల మీద పడవ నడిపాడు.
తెడ్డు కింద గట్లు తగులుతున్నాయి,
ఎవరి చేనో తడిమితేనే తెలుస్తోంది.
కనబడిన ప్రతి కప్పు దగ్గరా ఆగి, తన భాషలో,
ఎవరన్నా ఉన్నారా?
కుక్క. మళ్ళీ కుక్క. తర్వాత ఏమీ లేదు.
పాప్లార్ చెట్ల వరస దాటాక,
కూలీలు పడుకునే రేకుల పాక వైపు నుంచి,
"నే..."

తెడ్డు ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళు కారుతున్నాయి.
ఉన్నామనా?
లేమనా?
ఏమన్నావనా?
లేనని చెప్పడానికైనా ఒక గొంతు ఉండాలి కదా,
ఏమన్నావని అడగడానికైనా.
ఆ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు,
చేతులే పడవని తిప్పేశాయి.

నేనక్కడ లేను. చాలా తర్వాత విన్నాను.
విన్నప్పటినుంచీ ఒకటే గుచ్చుతోంది:
నీళ్ళ మీద అరిస్తే ఏ అక్షరానికైనా
ఏరే దీర్ఘం ఇస్తుంది.
ఎవరన్నా ఉన్నారా?
నే.
స్తెర్యోస్‌కి తెలుగు రాదు.

రేకు మీంచి దిగింది ఒకావిడ,
ఒక కాలికే బూటు,
వెల్లుల్లి జడలు అల్లే వేళ్ళు నీలంగా.
దుప్పటి కప్పితే పళ్ళు టకటక కొట్టుకోవడం తప్ప
దారి పొడుగునా ఒక్క మాట లేదు.
ఏ దేశమని అతనూ అడగలేదు.

కొట్లో దీపం కింద
ఎవాంథియా వేడి కాఫీ పోసింది.
అలవాటుగా అడిగింది, చక్కెర?
"నె" అంది ఆవిడ, కప్పులోకి చూస్తూ.

చెంచా గాల్లో ఆగింది.
ముందు ఓగ్న్యాన్ వైపు చూసింది ఎవాంథియా, చాలాసేపు.
తర్వాత చక్కెర డబ్బా
మూత తీసి
ఆవిడ ముందుకి జరిపింది.