నడిమి అక్షరం

ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మలుపులో
హుసేనప్ప షెడ్డు.
బండి ఇంకా సందు చివర ఉండగానే
చెవి ఒగ్గి చెప్పేవాడు:
"చైను వదులు." "పిస్టను అరిగింది."
"దీనికేం రోగం ల్యాదు, నడిపేటోనికే తొందర."
ముప్పై ఏండ్లు ఆ చెవే అతని అంగడి,
ఆ చెవే గల్లాపెట్టె.

పోయిన ఎండాకాలం
పత్తి యార్డు గుమాస్తా ఒకడు
కరెంటు స్కూటరు తోసుకొచ్చాడు.
హుసేనప్ప గొంతుక్కూర్చుని చెవి ఆనించాడు.
చప్పుడు లేదు.
నాడి దొరకని మణికట్టు పట్టుకున్న
నాటువైద్యునిలా నా దిక్కు చూశాడు.
"నాకు రాదప్పా ఇది. కర్నూలుకు తీస్కపో."

ఆ మాట నాకు పాత చుట్టం.
నేను బోర్డులు రాసేవాణ్ణి, నాగోజి ఆర్ట్స్.
మిల్లు గోడల మీది నిలువెత్తు అక్షరాలు నావే.
ఫ్లెక్సు మిషను దిగిన ఏడు
తమ్ముని కొడుకు కంప్యూటరు ముందు కుర్చీ వేశాడు.
మౌసు పట్టుకున్నాను, గీత వణికింది.
"నాకు రాదు" అని లేచొచ్చాను.
పన్నెండేండ్లు.
కిరసనాయిలు డబ్బాలో నా కుంచెలు
ఇంకా నిలబడే ఉన్నాయి
వెంట్రుకలు కట్టెలై.

హుసేనప్ప చెల్లెలి కూతురు షాహిన,
పాలిటెక్నిక్ రెండో ఏడు.
ఒక మీటరు తెచ్చి మామ చేతిలో పెట్టింది.
ఎర్ర తీగ, నల్ల తీగ.
"చెవితో కాదు మామా, దీంతో విను."

మొదటి రోజు ఫ్యూజు పోయింది.
మూడో రోజు ఇంకేదో పోయింది,
కాలిన వాసన ఉగ్గాని బండి దాకా వచ్చింది.
గుమాస్తాకు నాలుగువేల ఎనిమిదొందలు
చేతినుంచి కట్టాడు.
"మొక్కై వంగనిది మానై వంగుతాదా"
టైర్ల కొట్టు చిన్న మద్దిలేటి నవ్వాడు.
హుసేనప్ప తల ఎత్తకుండానే అన్నాడు:
"మాను వంగదులే.
చిగురెయ్యదని ఎవురు జెప్పిరి నీకు?"

అతని దగ్గర ఒక నోటుబుక్కు.
గ్రీసు వేలిముద్రల మధ్య వంకర రాత:
"తొమ్మిదో తేదీ. నల్ల వైరు ముందు పీకల్ల.
నేను ఎర్రది పీకితి. నష్టం మున్నూటేబై."
పేజీలకు పేజీలు.
"అప్పుల పద్దు మాదిరుందే" అన్నాను.
"అప్పులు కాదప్పా. ఫీజులు.
ఆ పాప కాలేజీలో కడ్తాంది, నేను ఈడ కడ్తాండా."

దసరా ముందు నన్ను పిలిచాడు.
"బోర్డు రాయల్ల. ఫ్లెక్సు వద్దు.
తప్పయితే చెరిపి రాసేది కావల్ల నాకు."
కుంచెలు పనికి రాలేదు, కొత్తవి కొన్నాను.
సుద్దతో గీతలు కొట్టి మొదలుపెట్టాను:
"కరెంటు బండ్లు కూడా చూడబడును.
పని పూర్తిగా రాలేదు, నేర్చుకుంటున్నాము.
చెడగొడితే ఖర్చు మాదే."

ఈ ఊరి గోడల మీద ఎన్ని వేలసార్లు రాశానో
ఉమ్మివేయరాదు, పోస్టర్లు అంటించరాదు,
బండ్లు నిలపరాదు, లోనికి రారాదు.
రా పక్కన దు, చేతికి తెలిసిన దారి.
ఆ రోజూ చెయ్యి అలాగే పోయింది.
కింద నుంచి షాహిన అరిచింది:
"తాతా, నడిమి అక్షరం మర్సితివి!"

దు ని గుడ్డతో తుడిచాను.
పక్కకు జరిపి జాగా చేశాను.
ఆ సందులో రాశాను
లే.

నిచ్చెన మీద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.
తడి రంగులో ఆ ఒక్క అక్షరం
తెల్లారి చాప లాగి లేపే అమ్మ గొంతులా ఉంది.

హుసేనప్ప ఏమీ మాంత్రికుడు కాలేదు.
పది కరెంటు బండ్లలో మూడు
ఇప్పటికీ కర్నూలుకే పోతాయి.
పెట్రోలు బండి సందులోకి వస్తే
చెవి తనంతట తానే నిక్కుతుంది.

నేను రోజూ సాయంత్రం
తమ్ముని కొడుకు షాపులో ఒక గంట కూర్చుంటున్నా.
నిన్న 'అ' గీశాను.
ఎలుక కొరికిన జొన్నరొట్టెలా వచ్చింది.
వాడు చెరపబోయాడు.
ఉండనీరా అన్నాను,
తేదీ వేసి పెట్టు.