తూర్పు డివిజన్ కొలతలు

ఆటంటే నాకు పెద్దగా తెలీదు.
పనసగింజ ఆకారంలో బంతి,
దాని కోసం ఇరవై రెండు మంది ఒకరి మీద ఒకరు పడతారు,
ఈల వేస్తే లేస్తారు, మళ్ళీ పడతారు.
పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ.
అమెరికా వాళ్ళ లెక్క, మనకేటి.
జీతాలిచ్చి మరీ ఆడిస్తున్నారిక్కడ.

పూర్ణామార్కెట్ వెనక సందులో
మూడేళ్ళుగా వాళ్ళ జెర్సీలు కుట్టేది నేనే.
సీజను ఇంకో పన్నెండు రోజులుందనగా
జట్లు నా టేపు కిందికొస్తాయి.
పేపరోళ్ళు పోయినేటి పాయింట్లు చూసి రాస్తారు.
నేను నడుములు చూసి చెప్తాను.

ముందు హార్బర్ సొరలు. పోయినేడు కప్పు వాళ్ళదే.
సూరాడ దానయ్య ఛాతీ నలభై నాలుగు,
ఏడాది కిందటా అంతే.
వల లాగిన చేతులకి జిమ్ము అక్కర్లేదు.
కానీ ముందు వరసకి ఐదుగురుండాలట,
నలుగురే వచ్చారు.
ఐదోవాడేడీ అంటే నేల చూసారు.
బోటు మీద పారాదీప్ వైపు వెళ్ళాడని ఒకడు,
పెళ్ళి కుదిరిందని ఇంకొకడు.
రెండు మాటలొచ్చిన చోట మనిషి లేనట్టే.
ఆ ఖాళీలోంచే ఎవడో దూరతాడు, చూడండి.

గాజువాక కొలుములు మారిపోయారు.
ముప్పై ఆరు నడుములు ముప్పై మూడుకి దిగాయి.
కొత్త కోచ్ తెల్లారి నాలుగింటికే
యారాడ కొండ ఎక్కిస్తున్నాడంట.
బెవర తవుడి వీపు కొలవడానికి స్టూలెక్కాను.
మా పిల్లకి జీళ్ళ పొట్లం తెచ్చాడు,
వీడా మనుషుల్ని పడేసేది అనిపించింది.
అయితే, అన్నం తగ్గించిన వాడికి కోపం పెరుగుతుంది.
ఆ కోపం సంవత్సరాఖరు దాకా నిలిస్తే
కప్పు గాజువాకకే.

వాల్తేరు ఇంజన్లా? కార్తీకం కదా,
సగం మంది నీసు మానేసారు.
కింతలి ఆనందరావు కాలర్లో రెండు వేళ్ళు ఎక్కువ దూరతన్నాయి.
పోలిస్వర్గం వెళ్ళాక మళ్ళీ కొలుస్తానన్నాను.
"ఉన్నదానికే కుట్టక్కా, బిగిస్తే బిగించనీ" అన్నాడు.
వీళ్ళది మూడో స్థానం. రాసుకోండి.
తప్పయితే మీ ఇంట్లోవాళ్ళకి ఒక జాకెట్టు ఉచితం.

మధురవాడ తుఫాన్ల సంగతి తెలీదు.
ఈసారి తిరుపూరు నుంచి రెడీమేడ్ తెప్పించుకున్నారు,
గుండె మీద కంపెనీ బొమ్మ అచ్చేయించి.
ఒక్క కుర్రాడూ నా గుమ్మం తొక్కలేదు.
ఎవడు లావయ్యాడో, ఎవడి మోకాలు వాచిందో.
పోర్టులో మూడో నెంబరు జెండా ఎగరేసిన రోజున
సముద్రం మామూలుగానే ఉంటుంది, చూసారా?
అలాగుంది నాకు.

నిన్న రాత్రి షట్టరు సగం దించాక
పందేల గురవయ్య వచ్చి కూచున్నాడు.
కొలతల పుస్తకం ఒక్క రాత్రికిస్తే ఐదు వేలు.
నేను పుస్తకం మీద ఇస్త్రీపెట్టె పెట్టాను.
"నడుములే కదమ్మా, ఏటుందందులో?"

ఉంది.
ఓ జట్టులో బంతి విసిరే కుర్రాడు
చేతులెత్తమంటే ఎడమది ఎత్తాడు ముందు.
కుడిది భుజం దాకా వచ్చి ఆగిపోయింది.
"చలికి" అన్నాడు, పళ్ళు బిగించి.
వైజాగులో చలేటి నాయనా,
నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే.
ఏ జట్టో చెప్పను. ఇందాకటి మూడింట్లో ఒకటి,
అంతవరకే.
నా జోస్యంలో చిల్లుందని మీరంటారు.
తెలిసి కోసిన చిల్లుని
మా పనిలో కాజా అంటాం.

వాడి జెర్సీకి కుడి చంక కింద
అంగుళంన్నర గుడ్డ అదనంగా కలిపాను.
రంగులో రంగు కలిసిపోయింది, కనబడదు.
బిల్లులో వేయలేదు.

వచ్చే శనివారం కాక పై శనివారం మొదటి మ్యాచ్.
ఇంకా పదకొండు నెంబర్లు అతకాలి.
ఏడో నెంబరుకి గుడ్డ చాల్లేదు.