మచ్చు

"ఎక్కడికి పోయినా ముందు ముప్పై సెకన్లు
ఏం మాట్లాడకుండ రికార్డు చెయ్యండి"
అంటది ప్రసూన మేడం.
ఖాళీ జాగకు కూడా ఒక సద్దు ఉంటదట,
మాట కింద పరుచుకోను పనికొస్తదట.

మొదలు హాస్టల్ గది సద్దు పట్టిన.
అండ్ల ఫ్యాను,
పక్కగది పిల్ల ఫీజు కోసం ఫోన్ల ఎవరినో బతిమాలుడు,
నయీంనగర్ దిక్కు నుంచి ఒక లారీ హారను.
ఖాళీ అనేది దొరకలే.

రెండో సెమిస్టర్ ప్రాజెక్టు, మూడు నిమిషాల వీడియో.
తెల్లారక ముందే ఏనుమాముల మార్కెట్‌కు పోయినం
నేను, అఫ్రోజ్,
డిపార్ట్‌మెంటుకున్న రెండు కెమెరాల్ల
జూమ్ సక్కగ తిరిగేది,
ఒక కాలు పొట్టిగైన ట్రైపాడు,
దాని కింద పెట్టను మడిచిన నా నోట్సు పేజీలు.
వార్త ఎట్ల మొదలుపెట్టాల్నో రాసుకున్న పాఠం అది.

గేటు దాటంగనే గొంతుల మంట.
బస్తాల మీద పండుకున్న రైతులు.
ఆ ఎరుపు కెమెరాల నిలవలే,
కరిగి ఒక్క ముద్దయింది.
జెండా పాట అయింది. ఒక్క కుప్పకు పెద్ద ధర.
తక్కిన కుప్పల దిక్కు ఆ ధర
చుట్టపుచూపుకు సుత రాలే.

మాట్లాడించాలనుకున్నది రైతును.
దొరికింది సాంబలక్ష్మి.
కాంటా కాడ రాలిన కాయ ఊడ్చి, చాటల చెరిగి,
తాలు ఒక దిక్కు, మంచిది ఒక దిక్కు.
కాలరుకు పెట్టే మైకు. ఆమెకు కాలరెక్కడిది?
కొంగుకు పెట్టిన.
కొంగు తీసి ముక్కుకు కట్టుకున్నది.
మైకు పోయి నోటి ముంగటనే కూసున్నది.

పదకొండు నిమిషాలు చెప్పింది.
ఏసీ పనిచెయ్యని ల్యాబుల తెరిచి చూస్తే
ఆమె మాటలు చిన్న చిన్న గడ్డలు,
దగ్గు ఒక్కొక్కటి పద్మాక్షి గుట్ట.
లెక్కపెట్టిన. నలభై మూడు.

సాఫ్ట్‌వేరుకు ముందు మనమే చెప్పాలె
ఏది చెత్తనో.
మచ్చుకు కొంచెం చూపిస్తే
అసొంటిదంత అదే ఏరి పారేస్తది,
ఆమె తాలు ఏరినట్టు.
దగ్గును చూపించిన.
పోనివాటిని నేనే కోసి
కోసిన కాడల్లా ఒక బస్తా, ఒక చెయ్యి,
కాంటా మీద ఒక అంకె అతికించిన.

ఇంటికి పోయి మూడుసార్లు కడుక్కున్నంక గాని
మనవరాలిని ఎత్తుకోనని చెప్పింది.
అది కూడా పోయింది.
మూడు నిమిషాలు దాటుతున్నదని.

"క్లీన్‌గా ఉంది" అన్నది మేడం.
పదికి ఎనిమిదిన్నర.
మిగిలిన మార్కున్నర ఎక్కడ రాలిందని
అఫ్రోజ్ రెండు రోజులు దేవులాడిండు.

శనివారం ఫోన్ పట్టుకొని మళ్ల పోయిన.
సాంబలక్ష్మి చాట పక్కకు పెట్టి
మూడు నిమిషాలు రెప్ప కొట్టకుండ చూసింది.
పక్కనామెను పిలిచి ఇంకోసారి చూసింది.
"గొంతు మా చెల్లె గొంతు లెక్కున్నదే" అన్నది.
జరసేపాగి,
"మరి నా దగ్గేది బిడ్డా?"

ఎట్ల చెప్పాల్నో తెల్వలే.
చదివిందంతా ఇంగ్లీషుల ఉన్నది.
"తీసేసిన" అన్న.

నవ్వింది. నవ్వు నడిమిట్ల దగ్గింది.
"ఎట్ల తీసినవో మా డాక్టరుకు చెప్పరాదు.
రెండేండ్ల సంది ఆయనతోని అయితలేదు."
చాట అందుకున్నది.

వచ్చేముందు షెడ్డు కింద నిలబడి
ముప్పై సెకన్లు ఊకుండి రికార్డు చేసిన.
ఏ ప్రాజెక్టుల వాడలే, పేరు సుత పెట్టలే.
ఫోన్ల తారీఖు మాత్రమే ఉన్నది.
హమాలీల కేక, బస్తా పడ్డ చప్పుడు, చీపురు.
ఇరవై ఒకటో సెకను కాడ
దగ్గింది నేను.