బోర్డు మూలకు నా పేరు

మొదటి బోర్డుకు బోర్డే లేదు.
కాజీపేట డీజిల్ షెడ్డు ఎనుక గోడ,
సున్నం పచ్చి ఆరకముందే రాసిన:
ఓదెలు మాంసం హోటల్.
మూలకు చిన్నగ, సదా ఆర్ట్స్.
కూలి ఎంతంటే
ఇస్తరి నిండ కాల్చిన తొడమాంసం పెట్టిండు.

ఇనుప జల్లెడ ఇన్నయ్యది.
షెడ్డుల ఫిట్టరు, ఫాతిమానగరాయన,
తుక్కు కమ్మీలు వంచి
వెల్డింగు మరకలతోటే తెచ్చిచ్చిండు.
మెనూ లేదు. మేక ఎంతుంటే మెనూ అంత.
అరచెయ్యంత ముక్క, బొటనవేలు మందం,
ఉప్పు, దొడ్డుమిరియం, కనకవ్వ నూరిన ఎల్లిపాయ.
బల్లార్షా బండెక్కే డ్రైవర్లు
మోదుగాకుల చుట్టుకపోయేటోళ్లు.
రిటైరైన గార్డు దొర ఒకనాడు నమిలి నమిలి
"దీన్ని స్టేక్ అంటరు ఓదెలూ" అన్నడు.
"పేరేదైతేంది దొరా, ఉప్పు సరిపోయిందా?"

రెండోది హన్మకొండ, రేకు బోర్డు.
పొద్దుగూకంగ రాస్తున్న.
కుంచె ఎంట్రుక ఒకటి ఊడి
'ఓ' మీదికెల్లి సన్నటి గీత
వంకరగ పైకి పోయింది.
గుడ్డ తీస్కొని తుడువబోతే
నిచ్చెన కిందికెల్లి ఒర్లిండు:
"ఉండనియ్యి సదానందం,
పొగ లెక్కనే ఉన్నది."

గా తప్పును
జనగామల రాసిన, పెద్దపల్లిల రాసిన,
కరీంనగర్ల రెండుసార్లు.
మంచిర్యాలల బోర్డు ఆరకముందే
మొదటి షిఫ్టోళ్లు దిగిండ్రు, కనురెప్పలకు మసి.
"బొగ్గు తవ్వెటోళ్లకు
బొగ్గుల మీద కాల్చి పెడ్తవా" అని నవ్వుకుంట
మూడు మేకలు ఒడగొట్టిండ్రు.

తొమ్మిదో కొట్టుకు నన్ను పిలువలే.

కనకవ్వ తమ్ముని కొడుకు తిరుమలేశు
హైదరాబాదుల చదివొచ్చిండు, మంచి పోరడే,
లెక్కలు తప్పడు.
ఫ్లెక్సీ మిషను గంటలో ఆరు బోర్డులు కక్కింది.
ఓదెలు గ్రిల్స్.
నా కుంచె ఎంట్రుక గీత
బిల్లు మీద, చేతులు తుడ్సుకునే కాయితం మీద,
వడ్డించే పిల్లల టోపీల మీద.
మూలకు నా పేరు తప్ప
అన్నీ అచ్చు దిగినయి.

పదిహేడు కొట్లు. ఒకటే మసాలా,
మంచుపెట్టెలల్ల ఒకటే లారీల వచ్చేది.
"జనగామ మేక వేరు బిడ్డా,
మంచిర్యాల మేక వేరు,
అది తిన్న ఆకు వేరు" అని ఓదెలు చెప్పేటోడు.
ఆడ గ్యాసు జల్లెడ మీద ముక్క సప్పుడు చెయ్యకుంట ఉడికేది.
ఒకసారి పెద్దపల్లిల పైసలిచ్చి తిన్న.
మాంసమే. తప్పు పట్టనీకి ఏం లేదు.
గదే, ఏం లేదు.

తర్వాత బైపాసు పడ్డది. తర్వాత కిరాయిలు.
తర్వాత బ్యాంకోళ్లు కుర్చీలు లెక్కవెట్టిండ్రు.
ఏ కొట్టు ముందు మూతవడ్డదో
నాకు సరిగ యాదికి లేదు.
ఓదెలు పోయిన యేడు
ఆరున్నయి అన్నరు, నాలుగన్నరు.

మొన్న గాలిదుమారానికి
కాజీపేట ఫ్లెక్సీ చినిగి వేలాడ్తున్నదంట.
దాని ఎనుక నా అక్షరాలు, సగం రాలి.
కనకవ్వ కబురువెట్టింది.
ఇన్నయ్య జల్లెడ ఇంకా ఆడనే ఉన్నది,
నడుమ జర వంగింది.

నిచ్చెన ఎక్కనియ్యలే. బల్ల ఏసిండ్రు.
ఇప్పుడు నా చెయ్యి వణుకుతది.
'ఓ' ఒక్కదానికి కాదు,
'దె'కు పొగ, 'లు'కు పొగ,
మాంసానికి మాంసమంత పొగ.
తుడువనీకి గుడ్డ అడిగిన.
కనకవ్వ ఇయ్యలే.
ఎల్లిపాయ ఒలుసుకుంట కూసున్నది,
ఇన్నట్టే లేదు.

మూలకు పేరు రాసి దిగిన.
"కూలెంత?" అన్నది.
పండ్లు ఊడిన నోరు చూపెట్టిన.
"గిన్నెల జర బొక్కల చారు పొయ్యి,
కారం తక్కువ."