పాలపెట్టెలో నిద్ర

రేణిగుంట రోడ్డులో, టైర్ల షాపు పైన మా గది.
బల్ల మీద అరచేతంత బోర్డు.
పలమనేరు పక్క పల్లెల్లో పాలు చల్లబెట్టే ట్యాంకులకి
అదే బుర్ర.
దాన్లో ఉన్న చోటు ఎనిమిది మెగాబైట్లు.
దేవరాజులు సారు ఫోన్లో
మనవడి పుట్టెంటికల ఫోటో ఒక్కటే
అంతకంటే ఎక్కువ.

"ఇంకొంచెం తగ్గించు మా,
మన సరుకు పట్టాల గదా."

టెల్‌నెట్ తీసేశాను, గొళ్లెం లేని తలుపు అది.
విఐ తీసేశాను. మొదటి ఉద్యోగంలో
దాన్లోంచి బయటికొచ్చే దారి తెలీక
ప్లగ్గే పీకేశాను ఒకసారి.
క్యాలెండరు పోయింది, ఆవులకి తిథులతో పనేముంది.
యెస్ అని ఒకటుంది,
ఆపేదాకా అవునవునంటూనే ఉంటుంది.
పాత మేనేజరు గుర్తొచ్చాడు. అదీ పోయింది.

ఎన్ని తీసినా చోటు పెరగలేదు.
అప్పుడర్థమైంది, ఇక్కడ అందరూ ఒక్కడే.
ఒకే ఒళ్లు, వంద పేర్లు.
గంగజాతరలో మా వీధి మునిచంద్ర
ఒకనాడు బైరాగి, మర్నాడు బండ, ఇంకోనాడు దొర.
వేషాలు దాచేస్తే
మునిచంద్ర బరువు తగ్గుతుందా?

మళ్లీ మొదట్నుంచీ కట్టాలి.
తెర నిండా గడులు, గడికో నక్షత్రం గుర్తు.
చుక్క ఉంటే ఉన్నట్టు, చెరిపితే పుట్టనట్టు.
ఎల్ఎస్ చుక్క చెరిపాను. క్యాట్ చుక్క.
రాత్రి ఒకటిన్నరకి
స్లీప్ దగ్గర ఆగాను.
ఇన్ని క్షణాలు ఊరకుండమంటే ఉంటుంది,
అంతకుమించి దానికేమీ రాదు.
ఊరకుండేదానికి చోటెందుకు
అనుకున్నాను.

పెట్టె బిగించిన మర్నాడు, తెల్లారి ఐదింటికి
గంగవరం నుంచి రెడ్డెమ్మ ఫోను:
"పెట్టె కాల్తా ఉండాది మా, దోసె పోసుకోవచ్చు.
అంకె కదల్లేదు. పాలోళ్లు నిలబడుండారు."

మొగిలి ఘాటు ఎక్కేసరికి ఎండ వచ్చేసింది.
కేబుల్ పెట్టి ఎల్ఎస్ అని కొట్టాను.
అలాంటివాడు లేడంది.
క్యాట్. లేడు.
అందర్నీ పంపించేసింది నేనే కదా.
వెనక ఎవరిదో క్యాను మూత చప్పుడు.

ఎకో అని కొట్టి
పక్కన ఒక్క చుక్క పెట్టాను.
ఏ గడిలోనూ లేని చుక్క,
షెల్లుకి ఒంట్లోనే ఉన్నది.
పేర్లన్నీ వచ్చి ఒకే వరసలో నిలబడ్డాయి.
వాటిల్లో లాగ్ ఫైలు.
ఒక్కొక్క లైనే చదివించాను:
నాలుగు డిగ్రీలు.
నాలుగు డిగ్రీలు.
నాలుగు డిగ్రీలు.
ఒక్క సెకనులోనే
వందసార్లు నాలుగు డిగ్రీలు.

నిమిషానికోసారి ట్యాంకుని అడిగి, రాసుకుని,
మిగతాదంతా ఊరకుండాల్సిన పెట్టె.
ఊరకుండటం దానికి నేను మిగల్చలేదు.
రాత్రంతా అడిగింది, రాసింది,
రాయడానికి చోటు లేనంత రాసింది.
పాలు చల్లగానే ఉన్నాయి.
కాలింది పెట్టె ఒక్కటే.

స్లీప్ చుక్క మళ్లీ పెట్టి కట్టాను.
పెరిగిన బరువు రెండు కిలోబైట్లు కూడా లేదు.
దేవరాజులు సారుకి ఇంకా చెప్పలేదు.

పెట్టె చల్లారేదాకా
రెడ్డెమ్మ నోటుబుక్కులో పెన్నుతో రాసుకుంటూ
పాలు పోయించుకుంది.
నేను బోర్లించిన క్యాను మీద
గోడకానుకుని కూచున్నాను,
ఆమె వచ్చి లేపేదాకా.